ఏలూరు దాకానే టిక్కెట్టు

నవంబరు 24, సోమవారం

ఈ డైరీ జనవరిలో ఎరువుల కంపెనీవాళ్ళు ఇచ్చారు. ఏటా వచ్చే డైరీలన్నీ ఎవరో ఒకరికి ఇచ్చేస్తాను. దీని అట్ట మీద నూనె మరక పడింది కాబట్టి ఎవరూ పట్టుకెళ్ళలేదు. కాగితాలన్నీ ఖాళీగా ఉన్నాయి, పారేయడం దేనికని రాస్తున్నాను. అంతేగాని చెప్పుకోవడానికి మనిషి లేక కాదు.

మా ఇంట్లో పొయ్యి వెలిగించి ఆరు రోజులైంది.

జరిగింది నిజానికి చాలా చిన్న విషయం. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో మా కమీషన్ కొట్టు, దాని వెనకే మా ఇల్లు. గుమస్తాలు, జట్టు కూలీలు అంతా నాతో కలిపి పద్నాలుగు మంది మధ్యాహ్నం మా ఇంట్లోనే తింటారు. మా నాన్న రోజుల నుంచీ అదే పద్ధతి. వండేది మా ఆవిడ అమ్మాజీ. ముప్ఫై నాలుగేళ్ళుగా వండుతోంది, జ్వరం వచ్చినా మానలేదు. మొన్న మంగళవారం కొత్త గుమస్తా జాకబ్ చెయ్యి కడుక్కుంటూ, "అమ్మగారూ, దోసకాయ పప్పు చాలా బాగుందండీ" అన్నాడు. నేను నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా! "ఆకలి మీద ఏదైనా బాగానే ఉంటుందయ్యా. పర్లేదు, తినొచ్చు" అన్నాను. అమ్మాజీ వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది. నేను చూసుకోలేదు.

మర్నాడు పొద్దున వంటింటికి తాళం. తాళంచెవి ఆవిడ బొడ్లో. "ఇంక నా వల్ల కాదండీ" అంది. ఆ తర్వాత నన్ను "ఏవండీ" అని పిలవడం కూడా మానేసింది. పద్నాలుగు మందికీ కర్రీ పాయింటు నుంచి తెప్పిస్తున్నాను.

అసలు నేనన్నదాంట్లో తప్పేముంది? ఉల్లి వ్యాపారంలో సరుకుని మెచ్చుకుంటే ధర పెరుగుతుంది. లారీలోంచి దిగిన బస్తా ఎంత మేలిరకమైనా సరే, ఒక పాయ తీసి, పొట్టు నలిపి, మొహం మాడ్చుకుని "పర్లేదు" అనాలి. మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం అది. మా మార్కెట్లో నా నోటి నుంచి "పర్లేదు" వచ్చిందంటే అవతలివాడు పండగ చేసుకుంటాడు. ఈ సంగతి అమ్మాజీకి మాత్రం తెలియదా ఏమిటి?

నాకేం బెంగ లేదు.

నవంబరు 26

కర్రీ పాయింటు పప్పు. జాకబ్ ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు.

నవంబరు 28, శుక్రవారం

మా అమ్మాయి సాహితి ఫోన్ చేసింది. రాజమండ్రి కాలేజీలో పాఠాలు చెబుతుంది కదా, నాతో కూడా పాఠం చెబుతున్నట్టే మాట్లాడుతుంది.

"నాన్నా, అమ్మ మైసూరు చూస్తానంది. టిక్కెట్లు తీశాను. మీరూ వెళ్తున్నారు."

"ఇప్పుడా? నాసిక్ లారీలు వచ్చే రోజులు. కొట్టు ఎవరు చూస్తారు?"

"ప్రసాదరావుగారు చూస్తారు. ఇరవై ఏళ్ళ నుంచీ ఉన్న గుమస్తా, ఒక్క వారం చూసుకోలేరా? విను నాన్నా... వినండి. అమ్మ ఈసారి కరెంటు కుక్కరు తేనంది. ఆవకాయ సీసా తేదు. పొడుల డబ్బాలు తేదు."

నేను ఉలిక్కిపడ్డాను. మేం కాశీ వెళ్ళినా, షిర్డీ వెళ్ళినా కుక్కరు, పచ్చడి, కందిపొడి మా వెంట ఉండాల్సిందే. శాకాహారులం, బయట ఏ నూనెలో ఏం వేయిస్తారో తెలీదు, పైగా డబ్బు దండగ. అమ్మాజీ సత్రం గదిలోనే వండేసేది. కాశీ వెళ్ళొచ్చాక పక్కింటావిడ గంగ ఎలా ఉందని అడిగితే, "నేను చూసింది సత్రం గోడేనండీ" అని నవ్వింది. అప్పుడు నేనూ నవ్వాను.

"మరి తిండి?" అన్నాను.

"రెండు పూటలా మీరే వెతికి పెట్టాలట. రుచిగా ఉండాలట. బిల్లు చూసి మీ మొహం మాడిపోని చోటు కూడా అయ్యుండాలట. అమ్మ కూర్చుని తింటుందట, అంతే. ఇంకోటి నాన్నా. వచ్చేటప్పుడు విజయవాడలో రైలు మారాలి. అక్కణ్ణుంచి మీకు గూడెం దాకా తీశాను. అమ్మ తనకి ఏలూరు దాకానే తియ్యమంది."

ఏలూరు పవర్‌పేటలో అమ్మాజీ అక్కగారు అచ్చమ్మ ఉంది. పెళ్ళికి ముందు అమ్మాజీ ఇల్లూ అదే.

"ఎన్నాళ్ళుంటుందట?"

"చూద్దాం అంది."

"ఏలూరెంత దూరమమ్మా, రైలెక్కితే ముప్పావు గంట."

"దూరం గురించి కాదు నాన్నా" అని ఫోన్ పెట్టేసింది.

ఇంకా పది రోజులుంది కదా. బేరం ఇంకా నడుస్తున్నట్టే.

డిసెంబరు 3, బుధవారం, మైసూరు

నిన్న సాయంత్రం దిగాం. పెద్ద మార్కెట్ పక్కనే లాడ్జి. గది శుభ్రంగానే ఉంది. దారి పొడవునా అమ్మాజీ నాతో మాట్లాడింది రెండే మాటలు: "మంచినీళ్ళు", "జరగండి".

ఈ పూట నా తెలివి చూపిద్దామనుకున్నాను. హోటల్ ముందు బోర్డు చూసి వెళ్ళేవాడు వెర్రివాడు, వెనక్కి వెళ్ళి ఉల్లి బస్తా చూడాలి. మంచి ఉల్లి కొనేవాడు మంచి వంటే వండుతాడు. అమ్మాజీని లాడ్జి అరుగు మీద కూర్చోబెట్టి నాలుగు హోటళ్ళ వెనక సందులు తిరిగాను. ఒకచోట కుక్క తరిమింది. నాలుగోచోట మాత్రం నాసిక్ ఎర్ర ఉల్లి, చేతికి నిండుగా, పొట్టు గలగలలాడుతోంది. మొదటి రకం! సంబరంగా వచ్చి అమ్మాజీని తీసుకెళ్ళాను.

లోపల చల్లటి గాలి, అద్దాలు, ఆరు పేజీల మెనూ. మూడు కూరలు చెప్పాను. మూడూ ఒకే ఎర్రటి పులుసులో మునిగి వచ్చాయి. పేర్లే వేరు. పన్నీరు ముక్క నమిలితే దవడ నొప్పెట్టింది. అంత మంచి ఉల్లిపాయకి అంత అన్యాయం చేసినవాణ్ణి నా జన్మలో చూడలేదు. అమ్మాజీ రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది.

బిల్లు వచ్చింది. అమ్మాజీ బిల్లు వైపు చూడలేదు, నా మొహం వైపు చూసింది. మొహం మాడకుండా ఉండడానికి నేను పడ్డ పాట్లు ఆ దేవుడికే తెలియాలి. వెయిటర్ మంచినీళ్ళు తెచ్చి ఒంట్లో బాగోలేదా అని అడిగాడు.

డిసెంబరు 4, గురువారం

ఉల్లి పద్ధతి వదిలేశాను. ఇవాళ ఆటోలు ఎక్కడ ఆగి ఉన్నాయో చూశాను. చిన్న సందు, లోపల నాలుగు బల్లలు, బయట నిలబడి తినేవాళ్ళే ఎక్కువ. దోసె. మెత్తగా, లోపల ఎర్ర కారం పూసి, మీద వెన్నముద్ద పెట్టారు. ఆకు కింద చెయ్యి కాలుతున్నా ఎవరూ కింద పెట్టడం లేదు.

అమ్మాజీ దోసె ముగించి, బల్ల తుడిచే ఆవిణ్ణి చేత్తో సైగ చేసి అడిగింది. "బాగుంది అనడానికి మీ భాషలో ఏమంటారమ్మా?"

ఆవిడకి తెలుగు కాస్త తెలిసినట్టుంది, "చెన్నాగిదె" అంది.

అమ్మాజీ లేచి సరాసరి పెనం దగ్గరికి వెళ్ళింది. అట్లు పోసే ఆయనకి దణ్ణం పెట్టి, "చెన్నాగిదె అండీ!" అంది. కన్నడానికి అండీ తగిలించింది. ఆయన మొహం వెలిగిపోయింది. రెండో దోసె మీద వెన్న రెట్టింపు పడింది. మెచ్చుకుంటే ధర పెరగాలి గానీ వెన్న పెరగడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం భోజనం ఒక మోస్తరు. సాంబారులో బెల్లం! అది పరమాన్నమో పులుసో తేల్చుకోలేకపోయాను. మా ఇంటి ముక్కల పులుసులోనూ బెల్లం పడుతుంది, కానీ పడిందని తెలియదు, పడకపోతే మాత్రం తెలుస్తుంది. ఆ మాట పైకి అనబోయి ఊరుకున్నాను. అమ్మాజీ వడ్డించేవాడితో చెబుతోంది. "ఆ పెద్దాయనకి కాస్త కారం ఏదైనా తెచ్చి పెట్టండి బాబూ. మొహం చూడండి ఎలా అయిపోయిందో."

నాతో కాకపోయినా, నా గురించి మాట్లాడింది. ఫరవాలేదు, దారిలోకి వస్తోంది. నాకేం బెంగ లేదు.

డిసెంబరు 5

రెండు పూటలా తప్పు హోటళ్ళు. రాయడానికి ఓపిక లేదు.

డిసెంబరు 6, శనివారం

ఇవాళ జరిగింది వివరంగా రాయాలి.

పొద్దున మార్కెట్లోకి ఒక్కణ్ణే వెళ్ళాను. పూల వరసలో ఒక పెద్దావిడ మల్లెలు కడుతోంది. ధర అడిగాను, మొహం మాడ్చుకున్నాను, "పర్లేదు" అన్నాను. ఆవిడకి తెలుగు రాదు కాబట్టి నా తెలివంతా వృథా అయింది. చెప్పిన ధరకే రెండు మూరలు కొన్నాను. పూలు ఆకులో చుడుతూ ఆవిడ, "ఊట ఆయితా?" అంది. భోజనం అయిందా అని. పరాయి ఊళ్ళో నన్నెవరైనా ఆ మాట అడగడం అదే మొదలు. కాలేదని తల అడ్డంగా ఊపాను. ఇద్దరమని రెండు వేళ్ళు చూపించాను. ఆవిడ లేచి, నా భుజం పట్టుకుని తిప్పి, ఒక సందు చూపించింది. సందులో పచ్చ తలుపు ఇల్లు.

పూలు అమ్మాజీ పక్కన మంచం మీద పెట్టాను. ఆవిడ వాటి వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ వాటి వైపు చూసింది. పెట్టుకుంది.

పచ్చ తలుపు ఇంటికి బోర్డు లేదు. ముందు గదిలో ఆరు బల్లలు, వెనక వంటిల్లు. గల్లా పెట్టె దగ్గర ఒక ముసలాయన. వంటింటి గుమ్మంలో పేరుకి తెర ఉంది. లోపల ఆయన భార్య వండుతోంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం పక్కన ఉల్లి బుట్ట చూశాను, అలవాటు ఎక్కడికి పోతుంది? గోళీలంత చిన్నవి, మూడో రకం. నా ప్రాణం ఉసూరుమంది.

ఆకు వేశారు. పెసరపప్పు, కొబ్బరి వేసిన కోసంబరి. వంకాయ పల్య, అంటే మన వేపుడు కూరలాంటిది. అన్నం, పలచటి చారు, గుమ్మడి ముక్కల మజ్జిగపులుసు. అన్నీ కొంచెం కొంచెం. అడగకుండానే మళ్ళీ మళ్ళీ. వంకాయ నోట్లో పెట్టుకోగానే వెన్నలా విడిపోయింది. బిల్లు చూస్తే నేను చదువుకునే రోజుల నాటి ధరలా ఉంది. ఆ మూడో రకం ఉల్లితోనే ఇంత రుచి తెచ్చింది ఆ మహాతల్లి.

పక్క బల్ల మీద తిన్న కుర్ర జంట డబ్బిస్తూ "చెన్నాగిదె" అన్నారు. ముసలాయన వెంటనే వంటింటి వైపు తిరిగి గట్టిగా అరిచాడు. "చెన్నాగిదెయంతే!" బాగుందట అని. లోపల గరిటె ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. ఆ తర్వాత ఇంకో ఆయన లేచాడు. మళ్ళీ అదే కేక. నేను చూస్తుండగా తొమ్మిది సార్లు అరిచాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

అమ్మాజీ అప్పటికే తెర తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల ఇద్దరూ చెరో భాషలో మాట్లాడుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. ముసలాయన నన్ను పక్కన కూర్చోమన్నాడు. ఒకప్పుడు హిందూపురంలో పట్టు వ్యాపారం చేశాడట, తెలుగొచ్చు.

"ఎందుకండీ ప్రతిసారీ అంత గట్టిగా అరుస్తారు?" అన్నాను.

"డబ్బు నా గల్లాలోకి వస్తాది సార్. మాట ఎవరికి పోవాల? వండినామెకి పోవాల. అది కూడా నేనే ఎత్తిపెట్టుకుంటే దొంగతనం కాదా?"

అంతలో అమ్మాజీ, ఆ ముసలావిడ తెర పక్కకి జరిపి గుమ్మంలోకి వచ్చారు. ముసలాయన నన్ను మోచేత్తో పొడిచి, "మీరు చెప్పండి సార్. ఊట ఎట్లుంది?" అన్నాడు.

గుమ్మంలో ఇద్దరాడవాళ్ళు నిలబడి నన్నే చూస్తున్నారు. గదిలో తినేవాళ్ళు కూడా తలెత్తారు.

"పర్లేదు" అన్నాను.

ఆ మాట నేననలేదు. అదే వచ్చేసింది. ముసలావిడకి అర్థం కాలేదు కాబట్టి నవ్వుతూనే ఉంది. అమ్మాజీ మొహంలో నవ్వు మాత్రం పోయింది. చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.

ఛీ, నా నోట్లో మన్నుపడ.

డిసెంబరు 7, ఆదివారం

ఆదివారం సాయంత్రం ప్యాలెస్‌కి దీపాలు వెలిగిస్తారని అమ్మాజీ వారం నుంచి ఎదురుచూస్తోంది. జనంతో పాటు గడ్డి మీద కూర్చున్నాం. ఏడింటికి ఒక్కసారిగా అన్ని దీపాలూ వెలిగాయి. జనమంతా "ఓ" అన్నారు. అమ్మాజీ కూడా అంది. తర్వాత నా వైపు తిరగకుండానే మాట్లాడడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళ తర్వాత నాతో.

"మన పెళ్ళైన కొత్తలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి వెళ్ళాం, గుర్తుందా మీకు?"

"పడవలో వెళ్ళాం" అన్నాను.

"తెల్లవారకుండా లేచి పులిహోర కలిపాను. గారెలు వండాను. అత్తగారింట్లో నా అంతట నేను చేసిన మొదటి వంట అది. పడవలోనే ఆకు వేసి పెట్టాను. చుట్టూ ఒకటే పక్షులు. పడవ నడిపే ఆయన ఒక గారె తిని, అమ్మా, ఇలాంటి గారె తిని ఎన్నాళ్ళైందో అన్నాడు. నేను మీ వైపు చూశాను. మీరు ఆకు మడిచి పర్లేదు అన్నారు. నాకు పందొమ్మిదేళ్ళు. ఇంకా బాగా చెయ్యాలి కాబోలు అనుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళ నుంచి ఇంకా బాగా చేస్తూనే ఉన్నానండీ."

"అది మార్కెట్ మాట అమ్మాజీ. సరుకుని మెచ్చుకుంటే..."

"నేను మీ మార్కెట్లో సరుకునా? నా ధర పెరిగితే ఎవరికి నష్టం?"

దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. అవి ఆరేదాకా కూర్చున్నాం. తర్వాత లేచి ఇడ్లీలు తిన్నాం. ఇడ్లీ ఎలా ఉందో గుర్తులేదు.

బెంగగా ఉంది. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

డిసెంబరు 8, సోమవారం

పొద్దున అమ్మాజీ సంచులు సర్దుకుంటుంటే నేను పచ్చ తలుపు ఇంటికి వెళ్ళాను. అప్పటికి ఇంకా తెరవలేదు. ముసలావిడ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఎదురుగా నిలబడి, దణ్ణం పెట్టి, "చెన్నాగిదె" అన్నాను. ఆవిడ ఇంత పెద్ద నవ్వు నవ్వి గుప్పెడు చిక్కుళ్ళు నా చేతిలో పోసింది. ఏం చేసుకోవాలో తెలియక జేబులో వేసుకున్నాను.

కన్నడంలో అనేశాను. అయితే అనాల్సింది ఆవిడతో కాదు, అది నాకూ తెలుసు. సాయంత్రం రైలు.

డిసెంబరు 9, మంగళవారం, ఇంటి దగ్గర

విజయవాడలో రైలు మారి కూర్చున్నాం. అమ్మాజీ కిటికీ పక్కన, నేను మధ్యలో. ఎదుటి సీట్లో తెల్ల లాల్చీ వేసుకున్న ఒక లావుపాటాయన. గన్నవరం దాటకముందే పరిచయం చేసుకున్నారు. నరసరాజుగారట, గణపవరంలో చేపల చెరువులు, గూడెంలో దిగుతారట. మా సంచిలో మైసూర్‌పాక్ పొట్లాలు చూశారు.

"మైసూరు నుంచాండీ? సంక్రాంతి వెళ్ళాక మేమూ పోదామనుకుంటున్నామండీ. అక్కడ తిండి ఎక్కడ బాగుంటుందో కాస్త చెబుదురూ. మా ఆవిడకి బయట తిండి పడదు, నాకు బిల్లు పడదు."

ఆయన నాకు తెగ నచ్చేశారు. ఉల్లి బస్తాలు చూసి వెళ్ళొద్దన్నాను. ఆటోలు ఆగే దోసె సందు చెప్పాను. అద్దాల హోటలు చెప్పి, అటు తొంగి కూడా చూడొద్దన్నాను. పూలావిణ్ణి ఎలా గుర్తుపట్టాలో, పచ్చ తలుపు ఎక్కడుందో చెప్పాను. ఆయన సెల్ ఫోన్లో అన్నీ ఎక్కించుకున్నారు. చెబుతుంటే నాకే ఆశ్చర్యం వేసింది. వారం రోజులు తిట్టుకుంటూ తిరిగాననుకున్నాను గానీ, భలే తిరిగాం, భలే తిన్నాం.

"ఇంతకీ అన్నిట్లోకీ మొదటి రకం ఏదంటారండీ?" అన్నారు నరసరాజుగారు.

పచ్చ తలుపు అని చెప్పబోయాను. కిటికీలోంచి పెదపాడు వైపు చెరువులు, గట్ల మీద కొంగలు కనబడుతున్నాయి. ఇంకో పావుగంటలో ఏలూరు. అమ్మాజీ చిన్న సంచి ఒళ్ళో పెట్టుకుని సిద్ధంగా కూర్చుంది.

"అది మైసూరులో లేదండీ. తాడేపల్లిగూడెంలో ఉంది."

"మా పక్కనేనా! ఎక్కడండీ?"

"ఉల్లిపాయల మార్కెట్ వెనక వీధి. బోర్డు ఉండదు. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆకు వేస్తారు. దోసకాయ పప్పు తినాలండీ అక్కడ. దోసకాయ ముక్క చెదరదు, కానీ పప్పులో కలిసిపోయే ఉంటుంది. ఎలా చేస్తుందో నాకిప్పటికీ తెలీదు. ముక్కల పులుసు ఉంటుంది. వానాకాలం చింతచిగురు పప్పు. గారెలైతే, కొల్లేట్లో పడవవాళ్ళు కూడా తలుచుకుంటారు." ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆగలేదు. "ముప్ఫై నాలుగేళ్ళుగా రోజూ తింటున్నానండీ. బాగుంటుంది. చాలా బాగుంటుంది. నేనే ఒక్కరోజు కూడా ఆ మాట అనలేదు."

"అయితే రేపే వస్తానండీ! పేరేమిటండీ ఆ హోటలు?"

"ఇప్పుడు మూసేశారండీ."

"అయ్యయ్యో, ఎంచేతండీ?"

"తినేవాడి నోరు మంచిది కాక."

అమ్మాజీ కిటికీలోంచి చూస్తూనే ఉంది. కొంగు మాత్రం నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో నాకు కనబడలేదు.

రైలు ఏలూరులో ఆగింది. ప్లాట్‌ఫారం మీద అచ్చమ్మ వదిన నిలబడి ఉంది. అమ్మాజీ లేచింది. సంచి తీసుకుంది. నా మోకాళ్ళు దాటుకుని గుమ్మం వైపు నడిచింది. ఆపాలని ఉంది, ఏమని ఆపను? ఖాళీ అయిన కిటికీ దగ్గరికి జరిగి చూశాను. అక్కచెల్లెళ్ళిద్దరూ చేతులు పట్టుకుని మాట్లాడుకుంటున్నారు. అమ్మాజీ సంచిలోంచి మైసూర్‌పాక్ తీసి ఇచ్చింది. జడలో వాడిపోయిన మల్లెపూలు చూపించి ఏదో చెప్పింది. వదిన నా కిటికీ వైపు చూసి నోరు నొక్కుకుంది. రైలు కూత వేసింది. కదిలింది. స్తంభాలు వెనక్కి పోతున్నాయి, వాళ్ళిద్దరూ కనబడడం లేదు. అయిపోయింది అనుకున్నాను. తల వంచుకుని కూర్చుండిపోయాను.

"ఏవండీ, కాస్త జరగండి. అది నా సీటు."

తలెత్తాను. అమ్మాజీ ఎదురుగా నిలబడి ఉంది. ఇరవై రోజులైంది ఆ పిలుపు విని.

"నువ్వు... దిగిపోయావు కదా?"

"అక్కకి మైసూర్‌పాక్ ఇవ్వడానికి దిగాను. పెట్టె ఇక్కడే ఉండగా నేనెక్కడికి పోతానండీ?"

నిజమే, ఆవిడ పెట్టె సీటు కింద అలాగే ఉంది. నేనే చూడలేదు. జరిగాను. ఆవిడ కూర్చుని కొంగు సర్దుకుని, నా మొహంలోకి సూటిగా చూసి చెప్పింది. "బుధవారం, ఆదివారం పొయ్యి వెలగదు. ఆ రెండు రోజులూ అందరూ బయట తినండి. మిగతా రోజులు వండుతాను. తిన్నాక నోరు తెరిచి చెప్పాలి. బాగుంటే బాగుందనాలి, లేకపోతే లేదనాలి. అది కూడా నాకు ఒక్కదానికి కాదు, పద్నాలుగు మంది ముందూ చెప్పాలి. మళ్ళీ పర్లేదు అన్నారో, ఈసారి పెట్టెతో సహా దిగుతాను."

"సరే" అన్నాను. ఇంత తొందరగా నేను ఏ బేరమూ ఒప్పుకోలేదు.

నరసరాజుగారు కళ్ళు పెద్దవి చేసి, "అంటే ఆ హోటలు... మీరేనా అమ్మా?" అన్నారు.

"గురువారం రండి" అంది అమ్మాజీ.

భీమడోలు దాటాక టీసీ వచ్చాడు. అమ్మాజీ టిక్కెట్టు ఏలూరు దాకానే కదా. జరిమానా రాశాడు. మామూలుగా అయితే గూడెం వచ్చేదాకా వాదించి వదిలేవాణ్ణి. తీసి ఇచ్చేశాను. అమ్మాజీ నా మొహం చూసింది. నవ్వుతున్నానట. ఆ రసీదు ఈ పేజీకి అంటించాను.

డిసెంబరు 11, గురువారం

పొద్దున నాసిక్ లారీ వచ్చింది. పాయ తీసి నలిపాను. అద్భుతమైన సరుకు. మొహం మాడ్చుకుని "పర్లేదు" అన్నాను. జాకబ్ నా వైపు అదోలా చూశాడు. "ఇది మార్కెట్టయ్యా" అన్నాను.

పన్నెండున్నరకి ఆకులు వేశారు. పదిహేను ఆకులు, ఎందుకంటే నరసరాజుగారు నిజంగానే గణపవరం నుంచి మోటారు సైకిలు మీద వచ్చేశారు. దోసకాయ పప్పు. వంకాయ కారం. చారు. అందరూ తలలు వంచుకుని తింటున్నారు. ఎవరూ నోరు మెదపడం లేదు, భయం కాబోలు. నేను గొంతు సవరించుకున్నాను. మైసూరు ముసలాయనలా వంటింటి వైపు తిరిగి, వీధిలోకి వినబడేలా అరిచాను.

"అమ్మాజీ! పప్పు చాలా బాగుంది! వంకాయ బాగుంది! చారులో ఉప్పు తక్కువైంది!"

అందరూ తినడం ఆపేశారు. వంటింట్లో గరిటె ఆగింది. జాకబ్ గుమ్మం వైపు చూస్తున్నాడు.

అమ్మాజీ వచ్చింది. ఒక చేతిలో ఉప్పు డబ్బా, ఇంకో చేతిలో పప్పు గిన్నె. డబ్బా నా ఆకు పక్కన ఠక్కున పెట్టింది. తర్వాత అడగకుండానే నా ఆకులో ఇంకో గరిటెడు పప్పు వేసి, నెయ్యి కూడా వేసి, లోపలికి వెళ్ళిపోయింది.

మెచ్చుకుంటే పెరుగుతుందని మా నాన్న చెప్పింది నిజమే. పప్పు పెరిగింది. మళ్ళీ అన్నం పెట్టించుకుని తిన్నాను.